"డు నాట్" అనాలా, "డోంట్" అనాలా?

సావనీర్‌కి ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి వచ్చి అడిగిన రోజున నా బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి సెలవు చీటీ. "ఐ కాంట్ అటెండ్ ది క్లాస్ యాజ్ ఐవ్ ఫీవర్" అని ప్రిన్సిపాల్ గారికి రాసినది. రెండోది ఒక విద్యార్థిని ఇంగ్లీషు అలవాటు కావాలని తన స్నేహితురాలికి రాసి, దిద్దిపెట్టమని నాకిచ్చిన ఉత్తరం. "ఐ డు నాట్ నో వై యు ఆర్ నాట్ రైటింగ్ టు మి. ఐ యామ్ నాట్ యాంగ్రీ విత్ యు" అని మొదలవుతుంది. కోపం లేదన్న మాటే అందులో కోపంగా వినిపిస్తుంది. సెలవు చీటీలో చనువు ఎక్కువైంది, ఉత్తరంలో చనువు చాలలేదు. ఇద్దరూ తెలివైన పిల్లలే. వాళ్ళకు తెలియనిదల్లా ఏ రూపం ఎవరి ముందు వాడాలన్నదే. అది మేం చెప్పలేదు గనుక తప్పు వాళ్ళది కాదు. అందుకని ఈ వ్యాసం.

ఇంగ్లీషులో రెండు మాటలు కలిసిపోయి, మధ్యలో అక్షరాలు జారిపోయి, జారిన చోట అపోస్ట్రఫీ అనే చిన్న కొక్కెం మిగిలితే దాన్ని కాంట్రాక్షన్ అంటారు. డు నాట్ డోంట్ అవుతుంది. ఇట్ ఈజ్ ఇట్స్ అవుతుంది. ఐ విల్ ఐల్ అవుతుంది. ఇక్కడ వీటిని కుదింపులు అందాం. పరీక్షల్లో, దరఖాస్తుల్లో, థీసిస్‌లో కుదింపులు రాయకూడదని ప్రతి ఇంగ్లీషు లెక్చరరూ చెబుతాడు. "ఎందుకు సార్?" అని అడిగితే "అది ఫార్మల్ కాదు" అంటాడు. ఫార్మల్ అంటే ఏమిటని ఎవడూ అడగడు, బెల్లు కొట్టేస్తారు. నేనూ చాలా ఏళ్ళు ఈ జవాబుతోనే నెట్టుకొచ్చాను. డోంట్ కనపడితే ఎర్ర సిరాతో సున్నా చుట్టడం, ముందుకు పోవడం.

ఆ సున్నాల ఖరీదు నాకు ఒక శిష్యుడి వల్ల తెలిసింది. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాడు, సైన్సు విద్యార్థి, నేను చెప్పింది తు.చ. తప్పకుండా పాటించే రకం. పై చదువుకు విదేశం వెళ్ళాడు. కొన్ని నెలల తరువాత ఫోను చేసి, "సార్, మా ప్రొఫెసర్ గారు నాతో సరిగా మాట్లాడడం లేదండీ. నీకు నా మీద ఏమైనా కోపమా అని అడిగారు. నేనేం తప్పు రాశాను సార్? మీరు చెప్పినట్టే రాశాను కదండీ" అన్నాడు. తాను రాసిన ఈమెయిళ్ళు నాకు పంపాడు. "ఐ డు నాట్ అండర్‌స్టాండ్ వై యు హావ్ చేంజ్‌డ్ దిస్ చాప్టర్. ఐ డిడ్ నాట్ రిసీవ్ యువర్ కామెంట్స్. ఐ కెనాట్ కంటిన్యూ." వ్యాకరణ దోషం ఒక్కటి లేదు. కానీ చదువుతుంటే బల్ల గుద్ది మాట్లాడుతున్నట్టుంది. నిజానికి వాడు అంత నెమ్మదస్తుడు మరొకడు లేడు. కుదింపులు లేకపోవడమొక్కటే కారణమని నేననను. మెత్తబరిచే మాటలు కూడా లేవు. అయినా ఆ బిగుసుకున్న పూర్తి రూపాల్లో నా ఎర్ర సిరా నాకు స్పష్టంగా కనిపించింది. నిషేధం చెప్పాను గాని దాని హద్దు చెప్పలేదు.

మనవాళ్ళు ఈ నిషేధాన్ని ఇంత భక్తిగా పట్టుకోవడానికి ఒక కారణం ఉంది. ఇంగ్లీషును మనం చెవితో కంటే కంటితో ఎక్కువ నేర్చుకున్నాం. కచేరీ అర్జీలు, కోర్టు కాగితాలు, "ఐ బెగ్ టు స్టేట్" అని మొదలయ్యే దరఖాస్తులు, ఇవే మన తాతల పాఠ్య పుస్తకాలు. అందుచేత కాగితం మీది ఇంగ్లీషే అసలు ఇంగ్లీషు, నోటి ఇంగ్లీషు దానికి జారుడు రూపం అనే అభిప్రాయం మనలో నాటుకుపోయింది. (దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. ఇంగ్లీషు దేశపు పిల్లలు "కుడ్‌వ్" అన్న మాటను చెవితో విని, "కుడ్ ఆఫ్" అని రాసేస్తారు. మన పిల్లలు ఆ తప్పు దాదాపు చెయ్యరు.)

నష్టం ఏమిటంటే, డోంట్‌ని మనం స్లాంగ్ అనుకుంటాం. అది స్లాంగ్ కాదు. డోంట్, ఈజంట్, ఐమ్, వుయ్ల్ అన్నవి చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ, రాజు గారూ రిక్షావాడూ అందరూ వాడే మామూలు ఇంగ్లీషు. గొనా, వానా అన్నవి వేరు జాతి. అవి ఉచ్చారణను కాగితం మీద అనుకరించే రాతలు. పాటల్లో, కథల సంభాషణల్లో, జతగాళ్ళ సందేశాల్లో తప్ప కనిపించవు. ఎయింట్ మరొక జాతి. కొన్ని మాండలికాల్లో అది సహజం, ప్రామాణిక భాషలో దానికి చోటు లేదు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి "ఇన్‌ఫార్మల్" అని చీటీ అంటించడంతోనే గందరగోళం మొదలవుతుంది. తెలుగులో వచ్చాడు, వచ్చినాడు, వచ్చిండు అనే రూపాలు మనిషి ఏ ప్రాంతం వాడో చెబుతాయి. ఇంగ్లీషు డోంట్ అలాంటి ఊరి గుర్తు కాదు. రాసేవాడు చదివేవాడికి ఎంత దగ్గరగా కుర్చీ వేసుకున్నాడో చెబుతుంది, అంతే.

ఈ కుర్చీ దూరం సంగతి తేల్చడానికి జొనాథన్ స్విఫ్ట్‌ను మించిన సాక్షి లేడు. గలివర్ యాత్రలు రాసిన ఆయనే. 1710 సెప్టెంబరులో ఆయన టాట్లర్ పత్రికలో ఇంగ్లీషు పాడైపోతోందని గోల పెట్టాడు. మాటల మధ్య అచ్చులు పీకేసి కుదించడం ఆయనకు ముఖ్యమైన అభ్యంతరాల్లో ఒకటి. మరుసటి సంవత్సరం స్పెక్టేటర్‌లో అడిసన్ కూడా కాంట్, షాంట్, వోంట్ వంటివి భాషను హల్లులతో కిక్కిరిసేలా చేస్తున్నాయని వాపోయాడు. అజంత భాష మాట్లాడే మనకు అడిసన్ బాధ అర్థమవుతుంది. "డోంటు", "కాంటు" అని చివర ఓ ఉకారం తగిలిస్తే గాని మన నోరు ఊరుకోదు కదా! అయితే విచిత్రం ఏమిటంటే, స్విఫ్ట్ అదే 1710 సెప్టెంబరులో ఎస్తర్ జాన్సన్‌కు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. "జర్నల్ టు స్టెల్లా" పేరుతో తరువాత అచ్చయినవి అవే. వాటి నిండా డోంట్‌లూ, ఐల్‌లూ, అవి చాలక ముద్దు ముద్దు చిన్నపిల్లల మాటలూను! పత్రికలో లోకం ముందు నిలబడినప్పుడు ఒక భాష, లండన్‌లో కూచుని డబ్లిన్‌లో ఉన్న ఆప్తురాలితో మాట్లాడినప్పుడు మరొక భాష. ఆయన్ని కపటి అనడానికి లేదు. దూరం మారింది, భాష మారింది.

మన దగ్గరా ఇదే తగువు మరింత పెద్ద ఎత్తున జరిగింది. తెలుగు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, వాడుకభాషలో రాయాలా అన్న వివాదంలో గిడుగు రామమూర్తి గారు బోధనలో వాడుకభాష కోసం పోరాడారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. ఆ పోరాటం గెలిచినవాళ్ళ మనవలం మనం. అయినా పెళ్ళి శుభలేఖలో "వేంచేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన" అనే రాస్తాం. ఆ శుభలేఖ చేతికిస్తూ "తప్పకుండా రావాలి బాబాయ్" అంటాం. ఎవరూ నేర్పకుండానే రెండూ సరిగ్గా వాడతాం. ఈ తెలివి విద్యార్థి దగ్గర ఇప్పటికే ఉంది. ఇంగ్లీషు క్లాసులో దాన్ని తట్టి లేపాలి తప్ప నిషేధాల పట్టీ ఇచ్చి లాభం లేదని నా అభిప్రాయం.

సరే, ఎక్కడ ఏది రాయాలి? కొన్ని చోట్ల సందేహమే అక్కర్లేదు. దరఖాస్తు, ఒప్పంద పత్రం, థీసిస్, సమావేశపు మినిట్స్ వంటి వాటిలో పూర్తి రూపాలు. స్నేహితుడికి ఉత్తరం, డైరీ, నాటకంలో సంభాషణ, వక్తృత్వ పోటీ ప్రసంగం అయితే కుదింపులు. మన రాజ్యాంగం ఇంగ్లీషు ప్రతిలో 14వ, 15వ అధికరణలు రాజ్యం ఏం చేయకూడదో చెప్పేటప్పుడు "షల్ నాట్" అంటాయి. అక్కడ "షాంట్" అని ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సమానత్వపు హామీ కాస్తా హాస్టలు వార్డెన్ గదమాయింపులా ఉండేది.

చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. ప్రొఫెసర్‌కి ఈమెయిలు, పత్రికలో వ్యాసం, విదేశీ విశ్వవిద్యాలయానికి రాసే స్వీయ పరిచయం వంటివి. వీటి విషయంలో పెద్దలే ఏకాభిప్రాయంలో లేరు. పరిశోధన వ్యాసాలకు ప్రమాణంగా వాడే ఏపీఏ శైలి గ్రంథం కుదింపులు వద్దంటుంది. చికాగో మాన్యువల్ మాత్రం ఆలోచించి వాడితే చాలా రకాల రచనలకు మేలే అంటుంది. 1999లో వెలువడిన లాంగ్‌మన్ వ్యాకరణ గ్రంథంలో బైబర్, ఆయన సహచరులు పెద్ద ఎత్తున వాడుకను లెక్కగట్టి చూపించిన క్రమం ఇది: కుదింపులు సంభాషణలో అన్నిటికంటే ఎక్కువ, తరువాత కథాసాహిత్యం, ఆ తరువాత వార్తాపత్రికలు, విద్వద్రచనలో చాలా తక్కువ. అంటే అది మెట్ల దారి. ఒక గీత గీసి ఇటు తప్పు, అటు ఒప్పు అనడానికి లేదు. ఈమెయిలు విషయంలో నేనిప్పుడు చెప్పే ఉపాయం ఒకటే. మొదటి ఉత్తరం పూర్తి రూపాలతో రాయండి. ఆయన జవాబులో "ఐమ్", "డోంట్" కనిపిస్తే, కుర్చీ దగ్గరకు జరుపుకోమని పిలిచినట్టే. మీరూ జరపండి. పైన చెప్పిన శిష్యుడికి ఇదే చెప్పాను. వాడి తరువాతి ఈమెయిలు "ఐమ్ సారీ, ఐ డింట్ ఎక్స్‌ప్లెయిన్ మైసెల్ఫ్ వెల్" అని మొదలైంది. ప్రొఫెసర్ గారు టీకి పిలిచారట.

పూర్తి రూపానికి ఇంకో పని కూడా ఉంది, అది నొక్కి చెప్పడం. "ఐ వోంట్ సైన్ ఇట్" అంటే సంతకం పెట్టను అని మామూలు జవాబు. "ఐ విల్ నాట్ సైన్ ఇట్" అంటే ఛస్తే పెట్టను అని. తల్లి పిల్లవాణ్ణి మూడోసారి మందలించేటప్పుడు, ఎంత చనువున్నా, "డు నాట్" అనే అంటుంది. కనుక స్నేహితుల మధ్య కూడా పూర్తి రూపం వస్తుంది, కావాలని వస్తుంది. ప్రతి వాక్యంలోనూ అదే రాస్తే ప్రతి వాక్యమూ మందలింపే అవుతుంది.

కొన్ని చోట్ల రెండు రూపాలకూ అర్థమే వేరు. "లెట్స్ గో" అంటే పదండి పోదాం. "లెట్ అస్ గో" అంటే పోదాం అనీ కావచ్చు, మమ్మల్ని పోనివ్వండి అనీ కావచ్చు. క్లాసు ఎగ్గొట్టదలచినవారు గమనించగలరు. కొన్ని చోట్ల కుదింపుకు వీలే లేదు. "ఆర్ యు రెడీ?" అంటే "యెస్, ఐ యామ్" అనాలి, "యెస్, ఐమ్" అనకూడదు. వాక్యం చివర బరువు పడే మాటను కుదించరు. ప్రశ్నలో "ఈజంట్ హీ కమింగ్?" సహజం. విడదీస్తే "ఈజ్ హీ నాట్ కమింగ్?" అని నాట్ వెనక్కి పోవాలి. మనవాళ్ళు "ఈజ్ నాట్ హీ" అని నిలబెడతారు. ఇక సెలవు చీటీలోని "ఐవ్ ఫీవర్" సంగతి. హావ్ సహాయక క్రియ అయినప్పుడే కుదింపు హాయిగా కుదురుతుంది. "ఐవ్ సీన్ ఇట్" బాగుంటుంది. కలిగి ఉండడం అనే అర్థంలో అది ప్రధాన క్రియ, కుదిస్తే ఈ రోజుల్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. ఫీవర్ ముందు "ఎ" కూడా ఉండాలి. కాంట్‌కు సున్నా చుట్టే తొందరలో ఈ రెండూ నా కళ్ళబడకుండా పోయేవేమో ఒకప్పుడు.

పొరపాటు ప్రమాదమైన చోట మాత్రం ఎవరితో ఎంత చనువున్నా పూర్తి రూపమే మంచిది. బ్రిటిష్ ప్రభుత్వం తన వెబ్‌సైటు రచయితలకు ఇచ్చిన సూచనల్లో యుల్ వంటి కుదింపులు వాడండి గాని, కాంట్, డోంట్ వంటి నిషేధార్థకాలు వద్దంటుంది. చాలామంది వాటిని తికమకపడి సరిగ్గా వ్యతిరేకార్థంలో చదువుతున్నారని కారణం చెప్పింది. వినడంలోనూ అంతే. అమెరికన్ల నోట కెన్‌కూ కెంట్‌కూ తేడా ఒక్కోసారి మన చెవికి అందదు. మందు సీసా మీద, లేబొరేటరీ గోడ మీద "డు నాట్" అని పూర్తిగా రాయడంలో అర్థం ఉంది.

స్పెల్లింగు చిక్కుల గురించి రెండే మాటలు. ఇట్స్ అని రాసినప్పుడు దాన్ని "ఇట్ ఈజ్" అనో "ఇట్ హాజ్" అనో విడదీసి చూడండి. కుదిరితే కొక్కెం పెట్టండి, లేకపోతే తీసెయ్యండి. హిజ్‌కు లేని కొక్కెం "దాని" అనే అర్థంలోని ఇట్స్‌కూ ఉండదు. యువర్, దెయిర్, హూజ్‌లకూ ఇదే పరీక్ష. ఇక ఓక్లాక్ కూడా కుదింపే, "ఆఫ్ ది క్లాక్" నుంచి వచ్చింది. ఎంత గంభీరమైన సభా ఆహ్వానంలోనైనా దాన్ని ఎవరూ విప్పరు. కుదింపులన్నీ తక్కువవి అనేవారికి నేనిచ్చే జవాబు ఆ ఒక్క మాట.

ఈ మధ్య క్లాసులో ఒక అభ్యాసం పెడుతున్నాను. జ్వరం ఒక్కటే, కాగితాలు రెండు. ప్రిన్సిపాల్‌కి సెలవు చీటీ ఒకటి, రూమ్మేటుకి చిన్న చీటీ ఒకటి. ముందు తెలుగులో రాయమంటాను. "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారి సముఖమునకు" అని ఒకటీ, "ఒరేయ్, జొరంరా, రాలేను" అని ఒకటీ నిమిషంలో తయారవుతాయి. అప్పుడు ఇంగ్లీషులోకి వెళ్ళమంటాను. "ఐ యామ్ అనేబుల్ టు అటెండ్" ఒక కాగితం మీదికీ, "కాంట్ మేక్ ఇట్" రెండో కాగితం మీదికీ వాటంతట అవే నడిచి వెళతాయి. మొన్న ఒక కుర్రవాడి చీటీలో కుదింపులన్నీ చక్కగా కుదిరాయి, కొక్కేలు కూడా సరైన చోటనే ఉన్నాయి. పదికి పది వేశాను. చివరి వాక్యంలో మాత్రం, ఇంగ్లీషు క్లాసులో తనకు ప్రాక్సీ చెప్పమనీ, ఆ లెక్చరరు తల ఎత్తి చూడడనీ రాశాడు.