రెండు లైన్లున్నా తెరుచుకోని పేజీ
రోడ్డు పనుల్లో కేబుల్ తెగితే ఆన్‌లైన్ దరఖాస్తులు నిలిచిపోతాయన్న భయంతో కళాశాలలు సర్వర్‌కు రెండు సంస్థల ఇంటర్నెట్ లైన్లు తీసుకోవడం మామూలే. అయినా రెండో లైను చిరునామాకు వచ్చిన విద్యార్థికి తరచూ పేజీ తెరుచుకోదు. లోపం లైనులో కాదు, సర్వర్‌కు దారి చూపే పట్టికలో ఉంటుంది.

లినక్స్ సర్వర్ జవాబు పంపేటప్పుడు అభ్యర్థన ఎటు నుంచి వచ్చిందో చూడదు, ఎక్కడికి చేరాలో మాత్రమే చూస్తుంది. డిఫాల్ట్ గేట్‌వే ఒక్కటే కావడంతో రెండో లైనులో వచ్చిన వారికీ మొదటి లైనులోనే జవాబు పంపుతుంది. తాను కేటాయించని చిరునామాతో వచ్చిన ప్యాకెట్‌ను మొదటి సంస్థ పారేస్తుంది. ఇది కక్ష కాదు. నకిలీ చిరునామాల దాడులను అరికట్టేందుకు 2000లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2827 సూచించిన కట్టడే.

పరిష్కారం కష్టమేమీ కాదు. ‘ఐపీ రూట్’ ఆదేశంతో వేరే పట్టికలో రెండో గేట్‌వేను నమోదు చేయాలి. రెండో చిరునామా నుంచి వెళ్లేవన్నీ ఆ పట్టికనే చూడాలని ‘ఐపీ రూల్’ ఆదేశంతో నిర్దేశించాలి. పట్టికకు 1 నుంచి 252 వరకు ఏ సంఖ్యనైనా ఇవ్వవచ్చు. రీబూట్ చేస్తే ఇవన్నీ చెరిగిపోతాయి కనుక నెట్‌వర్క్ అమరిక ఫైలులోనూ రాయాలి. మరిచిపోయేది ఎక్కువగా ఇక్కడే.

కేబుల్ ఊరి బయట తెగితే మాత్రం సర్వర్‌కు తెలియదు, కార్డుపై దీపం వెలుగుతూనే ఉంటుంది. దూరపు చిరునామాకు నిమిషానికోసారి పింగ్ పంపి, బదులు రాకుంటే డిఫాల్ట్ దారిని మార్చే స్క్రిప్టును విడిగా పెట్టుకోవాలి.