పాడెల్ శిక్షకుని ఎంపిక

పాడెల్ టెన్నిస్‌ను పోలిన జంటల ఆట. దీనిని 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రిక్ కోర్కుయేరా రూపొందించాడు. కోర్టు పొడవు 20 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. చుట్టూ అద్దపు గోడలు, లోహపు వల ఉంటాయి. బ్యాటుకు తీగెలు ఉండవు.

గమనించవలసిన అంశాలు

పాయింట్ల లెక్క టెన్నిస్ వలెనే ఉన్నప్పటికీ, టెన్నిస్ శిక్షకులందరూ పాడెల్ నేర్పలేరు. టెన్నిస్‌లో ఆటగాడిని దాటిన బంతి చేజారినట్లే. పాడెల్‌లో అది నేలను తాకి, వెనుక గోడకు తగిలి తిరిగి వస్తుంది. బలంగా కొట్టిన బంతి ఇలా ప్రత్యర్థికే అనుకూలించవచ్చు. కావున గోడ నుండి వచ్చే బంతిని ఆడటం, జోడీతో కలిసి కదలడం తొలినాళ్ళ నుండే నేర్పే శిక్షకుని ఎంచుకోవాలి. చేరే ముందు ఒక తరగతిని చూడటం మేలు.

ప్రారంభ దశకు ప్రసిద్ధుడైన శిక్షకుడే ఉండనవసరం లేదు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి.సింధు సికింద్రాబాదులో మెహబూబ్ అలీ వద్ద ఓనమాలు నేర్చి, తరువాత పుల్లెల గోపీచంద్ శిష్యురాలై, 2016 రియో ఒలింపిక్స్‌లో రజత పతకం సాధించింది.

శిక్షణలో క్రమబద్ధత ముఖ్యం. కోరుకొండ వంటి ఊళ్ళ నుండి పట్టణానికి వెళ్ళి నేర్చుకునేవారు శిక్షకుని పేరుతో పాటు ప్రయాణ సమయాన్ని, ఖర్చును కూడా లెక్కించుకోవాలి.