గడప లేని వారికి పింఛను చేరేదెలా?

మన జిల్లాల్లో నెల మొదటి తేదీ అంటే పింఛన్ల రోజు. సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి, వేలిముద్ర తీసుకుని డబ్బు చేతిలో పెడుతున్నారు. బిడ్డలు చెన్నైకో, హైదరాబాదుకో వలసపోగా ఊళ్లో మిగిలిన ముసలివాళ్లకు ఈ సొమ్మే ఆధారం.

ఈ సాయం ఎలా పెరిగిందో చూద్దాం. 2014లో వృద్ధాప్య పింఛను నెలకు 200 రూపాయలు. ఆ ఏడాదే 1000 అయింది. 2019 ఆరంభంలో 2000, 2024 జనవరిలో 3000, అదే ఏడాది జూలై నుంచి 4000. అంటే పదేళ్లలో 20 రెట్లు. అర్హత వయసు కూడా 2019లో 65 నుంచి 60కి తగ్గింది. 60-79 ఏళ్ల వారికి కేంద్రం ఇచ్చే వాటా మాత్రం 200 దగ్గరే ఆగింది. మిగతాది రాష్ట్రం భరిస్తోంది.

ఇళ్ల స్థలాల విషయంలోనూ కొంత కదలిక వచ్చింది. 2020 డిసెంబరులో విజయనగరం దగ్గర గుంకలాంలో 12 వేలకు పైగా స్థలాలతో పెద్ద లేఅవుట్ వేసి పట్టాలిచ్చారు.

అయితే ఈ రెండింటికీ లెక్క కుటుంబమే. ఆధార్ ఉండాలి, రైస్ కార్డు ఉండాలి, సచివాలయం జాబితాలో ఇంటి వివరాలు ఉండాలి. రోడ్డు పక్కన, రైల్వే ప్లాట్‌ఫారం మీద, గుడి, మసీదుల అరుగుల మీద బతికేవారిని జనాభా లెక్కలు నిరాశ్రయులుగా గుర్తిస్తాయి. 2011లో దేశంలో వీరు 17.73 లక్షల మంది. వీరికి ఇంటి నంబరు లేదు, కాబట్టి కార్డు రాదు. కార్డు లేదు, కాబట్టి పింఛను రాదు. పింఛను ఉంటే చిన్న గది అద్దెకు తీసుకోగలిగేవారే ఆ గది లేక పింఛనుకు దూరమవుతున్నారు. కొడుకు ఇల్లు విడిచి వచ్చేసిన తల్లి పేరు కొడుకు కార్డులోనే ఉండిపోతుంది. ఆమె పింఛను ఆ ఊరి సచివాలయంలో ఉంటుంది, ఆమె మరో ఊరి స్టేషన్లో ఉంటుంది.

దీనికి దారి లేకపోలేదు. గుర్తింపు పొందిన ఆశ్రయ కేంద్రం నిర్వాహకులు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం ఇస్తే ఆధార్‌లో దానినే చిరునామాకు రుజువుగా తీసుకుంటారు. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే ఆశ్రయ కేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. 2 లక్షలు దాటిన విజయనగరానికి, లక్ష దాటిన శ్రీకాకుళానికి ఇది వర్తిస్తుంది. ఆ కేంద్రం రాత్రి పడకకే కాదు, చిరునామాకూ పనికొస్తుంది.

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో బాటసారి కూడా ఉన్నాడు. అతనికి పూట భోజనం పెడుతున్నాం, దుప్పటి కప్పుతున్నాం. వాటితో పాటు మనలో చదువుకున్న ఒకరు అతన్ని ఆధార్ కేంద్రానికి, సచివాలయానికి వెంటబెట్టుకుని వెళ్లాలి. నాలుగుసార్లు తిరగాల్సి వచ్చినా సరే, కాగితం చేతికి వచ్చేదాకా తోడుండాలి. నెలనెలా 4000 రూపాయలు అందితే అతను మరొకరి ముందు చేయి చాచనక్కరలేదు.