ముందు చక్రాలకు సెలవు

పాఠాలు చెప్పుకునేవాడికి బండి గొడవెందుకంటారా? మా బావమరిది పాత పికప్పు కొన్నాడు; నాలుగు చక్రాలూ లాగే రకం. తిరిగేది తారురోడ్ల మీదే కదా, ముందు ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు తీయిస్తే డీజిలు మిగులుతుందని అతని లెక్క.

మిగిలేది స్వల్పమే. షాఫ్టు లేకపోయినా, చక్రాలు దొర్లుతూ ఇరుసులోని పళ్ళచక్రాలను తిప్పుతూనే ఉంటాయి.

"అయితే ఇరుసు కడ్డీలు కూడా లాగేద్దాం, బావా!" అన్నాడు.

అమ్మో! 1947లో విల్లీసు కంపెనీ తెచ్చిన జీపు ట్రక్కులోనైతే ముందు చక్రం బరువు మోసేది వేరే స్పిండిలు. కడ్డీ లాగినా చక్రం కదలదు. ఇటీవలి అనేక బండ్లలో బేరింగును బిగించి పట్టేది కడ్డీ కొసనున్న నట్టే. అది లేకుంటే చక్రం నడిరోడ్డున ఊడవచ్చు. పిల్లలతో తిరుపతి ప్రయాణం కూడా పెట్టుకున్నాడు మహానుభావుడు!

చివరకు మేస్త్రీ కడ్డీలు తీసి, కొసముక్కలను మాత్రం హబ్బుల్లోనే ఉంచి, నట్లు బిగించి ఇచ్చాడు.