సీటుకు ముందున్న తలుపులు: పులికాట్ ఒడ్డు పిల్లలూ, వైద్య చదువులూ

ఆస్పత్రుల్లో దళితులు లేరా అంటే ఉన్నారు. ఊడ్చేచోట ఉన్నారు, శవాల గది దగ్గర ఉన్నారు, నెత్తుటి గుడ్డలు ఉతికేచోట ఉన్నారు. ఊళ్లలో తరాల తరబడి పురుళ్లు పోసిన మంత్రసానుల్లో మాల, మాదిగ, మంగలి ఆడవాళ్లెందరో. మైల అన్న పనంతా మన చేతికొచ్చింది. అదే పని చదువుగా, సర్టిఫికెట్‌గా, జీతంగా మారినప్పుడు మాత్రం 'ప్రతిభ' అడ్డమొచ్చింది.

ఈ ప్రతిభ గురించి మనం సీటు దగ్గర నిలబడి వాదిస్తున్నాం. వాదించాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం సీట్లున్నాయి. 2025లో ఎస్సీల 15 శాతాన్ని 1, 6.5, 7.5గా మూడు భాగాలు చేశారు. ఎవరి వాటా ఎంత అన్న చర్చ అవసరమే. అయితే వాటా ఎంతైనా అది తలుపు దాకా వచ్చిన బిడ్డకే దక్కుతుంది. రాని బిడ్డ సంగతేంటి? సీటుకు ముందు ఏయే తలుపులున్నాయి, ఏది ఎప్పుడు మూసుకుంటుంది అన్నది పులికాట్ ఒడ్డునున్న పిల్లల కోసం ఇక్కడ విడమరిచి చెబుతున్నాను.

మొదటి తలుపు నీట్ కాదు, టెన్త్ అయిన ఆ వేసవి. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాల్లోని మాలపల్లెల్లో, మాదిగవాడల్లో, యానాది కాలనీల్లో పిల్లలు గ్రూపును ఎన్నుకోవడం అరుదు. హాస్టల్లో ఎక్కడ చోటు దొరికితే అక్కడ, దగ్గర్లో ఏ గ్రూపుంటే అందులో చేరతారు. ఇరకం దీవి పిల్లలకైతే పడవ దిగాకే రోడ్డు. బైపీసీ వదిలేసి హెచ్ఈసీలోనో సీఈసీలోనో చేరిన రోజునే ఎంబీబీఎస్, బీడీఎస్, బి.ఎస్సీ. నర్సింగ్ మూడూ చేజారుతాయి. పదిహేనేళ్ల బిడ్డకు ఆ మాట చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు, ఎందుకంటే ఇంట్లో టెన్త్ దాటిన మొదటి మనిషి ఆ బిడ్డే.

దీని ఖరీదు నర్సింగులో చూస్తే తెలుస్తుంది. బైపీసీ చదివిన అమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లలో ముగిస్తుంది. ఆర్ట్స్ గ్రూపు చదివిన అమ్మాయికీ దారుంది. కాకపోతే అది మెట్లమెట్లుగా ఉంటుంది. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, ఆపైన పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ రెండేళ్లు. మొత్తం ఏడేళ్లు. ఏఎన్ఎం వదిలి నేరుగా జీఎన్ఎంలో చేరినా ఐదేళ్లు పడుతుంది. మధ్యలో పెళ్లి చేస్తారు, లేదా ఇంటికి జీతం కావాల్సొస్తుంది. అందుకే మనాడబిడ్డలు ఎక్కువగా కింది మెట్టు మీదే ఆగిపోతున్నారు. ఏఎన్ఎం పనిని తక్కువ చేయడం లేదు. అక్కడ ఆగిపోవడం ఆ బిడ్డ ఎంపికా, మన సమాజం చేసిన ఏర్పాటా అని అడుగుతున్నాను.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. ఒకప్పుడు ఎల్.ఎం.పి. అనే పొట్టి వైద్య కోర్సుండేది. 1946లో భోర్ కమిటీ దేశానికి ఒకేరకం డాక్టరు చాలునంది. తర్వాత ఆ కోర్సులు మూతపడ్డాయి. పేదలకు తక్కువరకం డాక్టరెందుకన్న వాదనలో న్యాయముంది. కానీ చిన్న మెట్టు తీసేసినప్పుడు పెద్ద మెట్టెక్కేందుకు మనకు చెయ్యందించింది ఎవరు?

రెండో తలుపు ప్రవేశపరీక్ష. 1986లో మొదలైన ఎంసెట్‌లో తర్వాతి కాలంలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. 2017 నుంచి మన రాష్ట్రంలో ఎంబీబీఎస్ సీట్లు నీట్‌తోనే. 180 ప్రశ్నలకు 720 మార్కులు. సగం జీవశాస్త్రం. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ర్యాంకులో ఇంటర్ మార్కులకు విలువ లేదు. అర్హతకు మాత్రం ఎస్సీ, ఎస్టీ, బీసీలకు భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో కలిపి 40 శాతం రావాలి. నీట్ పేపరు తెలుగులోనూ ఉంది. అయితే ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు. మద్రాసు దగ్గరని అక్కడ సెంటరు పెట్టుకున్న తడ పిల్లవాడికి తెలుగు పేపరు రాదు.

సరస్సు రెండు రాష్ట్రాల మధ్య ఉండటంతో ఇంకో చిక్కుంది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వులతో వచ్చిన పద్ధతిలో మన సీట్లలో 85 శాతం స్థానికులవి. పులికాట్ ఆంధ్ర ఒడ్డు ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం కిందకొస్తుంది. ఆ ప్రాంతంలో ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు చదివుండటం స్థానికతకు మామూలు కొలత. గుమ్మిడిపూండికి కూలికిపోయి పిల్లల్ని అక్కడి బడిలో వేసిన తల్లిదండ్రులకు ఈ సంగతి కౌన్సెలింగ్ రోజున తెలిస్తే ఏం లాభం?

అవతలి ఒడ్డున ఒక మేలు జరిగింది. 6 నుంచి 12వ తరగతి దాకా ప్రభుత్వ బడిలో చదివి నీట్‌లో అర్హత పొందిన వాళ్లకు తమిళనాడు 2020లో 7.5 శాతం వైద్య సీట్లు కేటాయించింది. నీట్ వచ్చాక తమిళ మీడియం, ప్రభుత్వ బడి పిల్లల ప్రవేశాలు తగ్గాయని 2021లో జస్టిస్ ఏ.కె. రాజన్ కమిటీ చెప్పింది. ఒకే నీళ్లలో వల వేసేవాళ్ల పిల్లలకు ఒక ఒడ్డున ఉన్న హక్కు రెండో ఒడ్డున లేదు. ఆంధ్రలో మన సంఘాలు అడగాల్సిన మొదటి డిమాండ్ ఇదే.

మూడో తలుపు కాలేజీ లోపలుంది. తిరుపతిలో 1960 నాటి ఎస్వీ మెడికల్ కాలేజీలోనైనా, 2014లో నెల్లూరులో వచ్చిన ప్రభుత్వ మెడికల్ కాలేజీలోనైనా పాఠం ఇంగ్లీషులోనే. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ మొదటి ఏడాదే మీదపడతాయి. ఆ ఏడాది పరీక్ష నాలుగుసార్లకు మించి రాయనివ్వరు. తెలుగు మీడియం బిడ్డకు విషయం తెలిసినా వాక్యం రాదు. దాన్ని తెలివి లేకపోవడంగా లెక్కేస్తారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు తరగతిలోనూ హాస్టల్లోనూ వివక్షకు గురవుతున్నారని థోరట్ కమిటీ 2007లోనే తేల్చింది.

ఇది చదివే ఉపాధ్యాయులకు ఒక మాట. తొమ్మిదో తరగతిలోనే గ్రూపుల సంగతి చెప్పండి. తల్లిదండ్రుల్ని పిలిచి నాలుగేళ్లకూ ఏడేళ్లకూ ఉన్న తేడా వాళ్ల భాషలో వివరించండి. కార్యకర్తలు కుల ధృవపత్రం, స్టడీ సర్టిఫికెట్లు ఇంటర్ రెండో ఏడాదికి ముందే తీయించాలి. వైద్యం చదువుతున్న మనవాళ్లు సెలవుల్లో వాడకొచ్చి జూనియర్లకు ఇంగ్లీషులో జవాబు రాయడం నేర్పాలి. పురుడు పోసిన చేతులకు చదువు రాదని ఎవరన్నా అంటే, ఏ తలుపు ఎవరు మూశారో లెక్క చెప్పి అడగగలగాలి.