ఫోల్డరును తెరవనీయని కంప్యూటరు: యాజమాన్యపు చిక్కు

ఇంటి కంప్యూటరు మొరాయించినప్పుడు బాగుచేయువారు వచ్చి విండోస్‌ను తిరిగి ఎక్కించి, "మీ కాగితములన్నియు డి-డ్రైవులో ఉన్నవి, వాటి జోలికి పోలేదు" అని చెప్పి వెళ్లుదురు. ఆ మాట నిజమే. అయినను మరునాడు పట్టాదారు పాసుపుస్తకపు నకలు కొరకో, పిల్లవాని ధ్రువపత్రము కొరకో ఆ ఫోల్డరును తెరవబోగా, దానిని చూచుటకు మీకు అనుమతి లేదను ఆంగ్ల వాక్యము తెరపై కనబడును. సొంత యంత్రము, సొంత కాగితములు, అయినను అనుమతి లేదట! ఈ దశలో కాగితములు పోయినవని తలచి డ్రైవు మొత్తమును ఫార్మాటు చేయించువారు కలరు. అట్లు చేయించిననాడే అవి నిజముగా పోవును. అంతవరకు అవి చెక్కుచెదరక అచ్చటనే ఉండును. కనుక తొందరపడరాదు.

ఈ నిరాకరణకు కారణము తెలిసినచో భయము తీరును. విండోస్ వాడు ఎన్.టి.ఎఫ్.ఎస్. అను ఫైళ్ల అమరిక 1993లో కార్యాలయముల కొరకు వచ్చినది. 2001లో విండోస్ ఎక్స్.పి.తో సామాన్యుల ఇండ్లలో స్థిరపడినది. దీనియందు ప్రతి ఫోల్డరునకు రెండు విషయములు నమోదై యుండును. యజమాని ఎవరు అనునది ఒకటి. చదువుటకు, మార్చుటకు, తొలగించుటకు ఎవరికి హక్కు కలదు అనునది రెండవది. అడంగలులో పట్టాదారు పేరు ఒక గడిలోను, అనుభవదారు పేరు వేరొక గడిలోను ఉండుట మన రైతులకు తెలిసినదే. ఇదియు అట్టిదే.

అయితే కంప్యూటరు మనిషిని పేరుతో గుర్తింపదు. ఖాతా తెరచిన నాడు దానికొక పొడవైన సంఖ్య కేటాయించి, ఫోల్డరుపై ఆ సంఖ్యనే వ్రాసికొనును. విండోస్ తిరిగి ఎక్కించిన పిమ్మట మీరు పాత పేరుతోనే ఖాతా తెరచినను సంఖ్య మాత్రము క్రొత్తది. పేరు ఒకటే యైనను సర్వే నంబరు వేరైనచో ఆ భూమి మీది కానట్లే, పాత ఫోల్డరు దృష్టిలో మీరు క్రొత్తవారు. పాత యంత్రపు హార్డ్‌డిస్కును క్రొత్త యంత్రమునకు తగిలించినప్పుడు కూడ జరుగునది ఇదే. అనుమతుల పట్టికలో పేరునకు బదులు ఎస్-1-5-21 అని మొదలగు అంకెల వరుస కనబడెనా, అది ఇప్పుడు లేని పాత ఖాతా గుర్తు అని గ్రహింపవచ్చును.

పరిష్కారమునకు ముందు ఒక నియమము. అడ్మినిస్ట్రేటరు హోదా గల ఖాతాతో ప్రవేశింపవలెను. సాధారణ ఖాతాకు ఈ అధికారము లేదు. అటుపై ఫోల్డరుపై రెండుమార్లు నొక్కగా వచ్చు నోటీసులో "కంటిన్యూ" అను మీట ఉండును. దానిని నొక్కి, ఫైళ్లు అధికముగా ఉన్నచో కొంతసేపు వేచియుండవలెను. పెక్కు సందర్భములలో పని ఇంతటితోనే ముగియును.

ముగియనిచో యాజమాన్యమును మార్చుకొనవలెను. ఫోల్డరుపై మౌసు కుడిమీట నొక్కి "ప్రాపర్టీస్", అందు "సెక్యూరిటీ", దాని క్రింద "అడ్వాన్స్‌డ్" తెరవవలెను. పైభాగమున "ఓనర్" అనుదాని ప్రక్కన "ఛేంజ్" అని యుండును. అచ్చట మీ ఖాతా పేరు వ్రాసి "చెక్ నేమ్స్" నొక్కి అంగీకరింపవలెను. ఇప్పుడు యజమాని పేరు క్రింద, లోపలి ఫోల్డరులకు ఫైళ్లకు కూడ యజమానిని మార్చుమను చిన్న గడి వచ్చును. దానిలో గుర్తు పెట్టుట మరువరాదు. మరచినచో పైవాకిలి తెరచుకొని లోపలి గదులు మూతపడియే యుండును. పిమ్మట అన్ని పెట్టెలను మూసి మరల తెరవవలెను.

పట్టా మారినంతమాత్రమున పని పూర్తికాదు. యజమానికి దక్కునది అనుమతులను మార్చు అధికారము. కావున మరల "అడ్వాన్స్‌డ్"లోనికి పోయి, "యాడ్" నొక్కి, మీ పేరును చేర్చి "ఫుల్ కంట్రోల్" ఇచ్చి, ఈ హక్కులే లోపలివాటికన్నిటికి సంక్రమింపవలెనని తెలుపు గడిలో గుర్తు పెట్టవలెను. ఫోల్డరు తెరచుకొనును. మొదటి పనిగా ముఖ్యమైన పత్రములకు మరియొక నకలు వేరొకచోట తీసి ఉంచుకొనవలెను.

ప్రాపర్టీసులో "రీడ్ ఓన్లీ" అను గడిని పదేపదే చెరిపి విసుగు చెందువారు పెక్కురు. ఫోల్డరుల విషయమున ఆ గడిని విండోస్ సాధారణముగా లెక్కింపదు. ఆ శ్రమ వృథా. ఫోల్డరు చక్కగా తెరచుకొనుచుండియు ఒక్క ప్రోగ్రాము మాత్రమే అందు దాచలేకపోవుచున్నచో, 2017లో వచ్చిన "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అను రక్షణ అడ్డుపడుచున్నదేమో విండోస్ సెక్యూరిటీలో చూడవలెను.

ఇంతకంటె గట్టి చిక్కు ఒకటి కలదు. విండోస్ ప్రొఫెషనల్ రకములో ఫైళ్లను గుప్తలిపిలోనికి మార్చి దాచు సదుపాయమున్నది. అట్లు దాచినవానికి యజమాని మారినను ప్రయోజనము లేదు. పాత ఖాతాకు చెందిన ధ్రువీకరణ తాళపుచెవి కావలెను. దాని నకలు ముందుగా తీసియుంచక విండోస్‌ను తుడిచివేసినచో ఆ ఫైళ్లపై ఆశ వదలుకొనవలసినదే. కాబట్టి మరమ్మతునకు ఇచ్చుటకు ముందే ఈ సంగతి విచారించుకొనుట మేలు.

చేయరాని పని కూడ చెప్పవలసియున్నది. విసుగుతో సి-డ్రైవు మొత్తమునకు "ఎవ్రీవన్" అను పేర సర్వాధికారములు ఇచ్చుట గ్రామపు తాళములన్నియు తీసి వీధిలో పారవేయుటతో సమానము. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ అను ఫోల్డరుల లోపలి ముఖ్యమైన ఫైళ్లకు "ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్" అను యజమాని యుండును. ఆ యాజమాన్యమును లాగికొనరాదు. యంత్రము మరల మొరాయింపవచ్చును.

ఒకే కంప్యూటరులో ఇంటిల్లిపాదికి వేర్వేరు ఖాతాలున్నప్పుడు మరియొక తగవు వచ్చును. అక్క తన ఖాతాలోని ఫొటోలను అదే డ్రైవులోని ఉమ్మడి ఫోల్డరునకు తరలించినచో, అవి సాధారణముగా పాత అనుమతులతోనే పోవును, తమ్మునికి తెరచుకొనవు. తరలించుటకు బదులు నకలు తీసి పెట్టినచో చేరినచోటి అనుమతులే వాటికి వర్తించును. ఉమ్మడి కాగితములకు విండోస్‌లో "పబ్లిక్" అను ఫోల్డరు ముందే యున్నది. పెన్‌డ్రైవులలో సామాన్యముగా ఈ అనుమతుల పట్టికయే ఉండదు గనుక, అందలి నకళ్లు ఏ యంత్రములోనైనను తెరచుకొనును. ఎవరి చేతికి చిక్కినను తెరచుకొనును గనుక దానిని బీరువాలోనే ఉంచవలెను.