స్తుతిగీతాల నిర్మాణం: తెహిల్లీమ్ నుండి కీర్తనల గ్రంథం దాకా

బైబిలు పాత నిబంధనలో 150 గీతాల గ్రంథం ఒకటి ఉంది. తెలుగు బైబిలులో దాని పేరు కీర్తనల గ్రంథము. కన్నడంలో కీర్తనెగళు. తమిళ ప్రొటెస్టెంటుల బైబిలులో అది సంగీతం, కథోలికుల బైబిలులో తిరుప్పాడల్‌గళ్. మరాఠీలో స్తోత్రసంహిత, ఒడియాలో గీతసంహిత. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఫ్రెంచి నేర్చినవారికి అవే గీతాలు ప్సోమ్‌లు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడే మన విద్యార్థులలో చాలామంది ఈ పేర్లలో కనీసం రెండింటిని విని ఉంటారు. ఒకే గ్రంథానికి ఇన్ని పేర్లు ఎందుకు వచ్చాయన్న ప్రశ్నతోనే ఈ వ్యాసాన్ని మొదలు పెడదాం. ఈ గీతాల స్వభావం తెలుసుకోవడానికి అది మంచి దారి.

హీబ్రూ భాషలో ఈ గ్రంథం పేరు తెహిల్లీమ్. స్తుతించడం అనే అర్థం గల హ-ల-ల ధాతువు నుండి పుట్టిన మాట ఇది. 'స్తుతులు' అని దీని అర్థం. క్రీస్తు పూర్వపు శతాబ్దాలలో యూదులే ఈ గీతాలను గ్రీకులోకి అనువదించుకున్నారు. ఆ గ్రీకు అనువాదం నుండి ప్సాల్మోస్ అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది. తీగను మీటడం అనే క్రియకు సంబంధించిన మాట అది. వాద్యంతో పాడే పాట అని దాని భావం. గీతాల శీర్షికలలో 57 చోట్ల కనిపించే మిజ్మోర్ అనే హీబ్రూ మాటకు గ్రీకులో అదే సమానార్థకం. అంటే హీబ్రూ పేరు పాటలోని విషయాన్ని చెబుతుంది, గ్రీకు పేరు పాడే తీరును చెబుతుంది. మన భాషల పేర్లను కూడా ఇలాగే విభజించవచ్చు. తెలుగు, కన్నడ, మరాఠీ పేర్లు స్తుతి వైపు మొగ్గాయి. తమిళ, ఒడియా పేర్లు పాట వైపు మొగ్గాయి. తెలుగులో కీర్తన అనే మాటకు మరో సౌలభ్యం ఉంది. 15వ శతాబ్దిలో తాళ్లపాక అన్నమాచార్యులు సంకీర్తనలు రచించిన నాటికే అది పొగడ్తకూ పాటకూ కలిపి వాడే మాట. హీబ్రూ భావం, గ్రీకు భావం రెండూ అందులో ఇమిడాయి.

పేర్ల సంగతి అలా ఉంచి అసలు ప్రశ్నకు వద్దాం. పాట అనేది భాష దాటితే సాధారణంగా బతకదు. మాట దాటుతుంది గాని లయ, ప్రాస, శ్లేష దాటవు. మరి హీబ్రూలో పుట్టిన ఈ 150 గీతాలు గ్రీకు, లాటిను, జర్మను, తెలుగు మొదలైన ఎన్నో భాషలలో ఆరాధన పాటలుగా ఎలా నిలిచాయి? భక్తి ఒక కారణం, సందేహం లేదు. కాని భాషాశాస్త్రం చెప్పగల కారణం వేరొకటి ఉంది. అది ఆ గీతాల నిర్మాణంలోనే ఉంది.

1753లో ఆంగ్ల పండితుడు రాబర్ట్ లౌత్ హీబ్రూ కవిత్వంపై తన లాటిను ఉపన్యాసాలను ప్రచురించాడు. ఈ కవిత్వంలో పద్యాన్ని కట్టి ఉంచేది ప్రధానంగా అర్థాల జత అని ఆయన వివరించాడు. ఒక్కొక్క చరణం సాధారణంగా రెండు భాగాలుగా ఉంటుంది. రెండో భాగం మొదటిదాన్ని మరో మాటలో చెబుతుంది, లేదా దానికి ఎదురు నిలుస్తుంది, లేదా దాన్ని ముందుకు నడిపిస్తుంది. దీనికి సమాంతరత అని పేరు. 1981లో జేమ్స్ కూగెల్ అనే పండితుడు దీన్ని సవరిస్తూ, రెండో భాగం ఉత్త పునరుక్తి కాదనీ, 'అంతే కాదు, ఇంకా' అన్నట్టు మొదటి భాగాన్ని బిగిస్తుందనీ వాదించాడు. 'వాన ఊరంతా తడిపింది, చినుకు తగలని గడప లేదు' అన్నామనుకోండి. రెండు ముక్కలూ ఒకే సంగతి చెబుతున్నాయి. అయినా రెండోది విన్నాక వాన మరింత పెద్దదవుతుంది.

తెలుగు పద్యం ముఖ్యంగా ధ్వనిని ఆశ్రయించింది. యతి, ప్రాస, గణం అన్నీ చెవికి సంబంధించినవే. కందపద్యాన్ని మరాఠీలోకి మార్చితే భావం మిగులుతుంది, కందం మిగలదు. 'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అనే సామెతను తీసుకుందాం. ఇందులో రెండు కట్టుబాట్లున్నాయి. పేరు-ఊరు, గొప్ప-దిబ్బ అనే ధ్వని జతలు ఒకటి. గొప్పకూ దిబ్బకూ ఉన్న అర్థ వైరుధ్యం రెండోది. దీన్ని తమిళంలోకో ఒడియాలోకో మార్చి చూడండి. మొదటి కట్టు తెగిపోతుంది, రెండోది నిలుస్తుంది. హీబ్రూ గీతాలకు లయ లేదని కాదు, ఉంది. అయితే వాటి బరువు మోసేది రెండో కట్టు. అందుకే వచనంగా అనువదించినా వాటి పద్యత్వం పూర్తిగా పోలేదు.

ఎక్కడ ధ్వనిపైనా లిపిపైనా ఆధారపడ్డారో అక్కడ నష్టం తప్పలేదు. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి. హీబ్రూ అక్షరాలు 22. ఒక్కొక్క అక్షరంతో వరుసగా ఎనిమిదేసి వచనాలు మొదలవుతాయి. తెలుగు బైబిలులో ఆలెఫ్, బేత్ అంటూ ఆ అక్షరాల పేర్లు శీర్షికలుగా మాత్రం మిగిలాయి. కింది వాక్యాలు ఆ అక్షరాలతో మొదలు కావు. గూడు ఉంది, పక్షి ఎగిరిపోయింది.

నిర్మాణం తరువాత విషయాన్ని చూద్దాం. గ్రంథం పేరు 'స్తుతులు' గదా అని తెరిచినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. ఇందులో విలాపాలు చాలా ఎక్కువ. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో జర్మను పండితుడు హెర్మన్ గుంకెల్ ఈ గీతాలను రకాలుగా విభజించినప్పుడు, ఒంటరి వ్యక్తి మొర పెట్టుకునే విలాపగీతాలే సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువని తేలింది. 22వ కీర్తన దేవుడు తనను విడిచిపెట్టాడన్న ఫిర్యాదుతో మొదలై స్తుతితో ముగుస్తుంది. యేసు సిలువపై పలికింది ఆ గీతపు మొదటి మాటలనే అని మత్తయి, మార్కు సువార్తలు చెబుతున్నాయి. 88వ కీర్తనకు ఆ మలుపు కూడా లేదు. అది చీకటిలోనే ముగుస్తుంది. అయినా దాన్ని స్తుతుల గ్రంథం నుండి ఎవరూ తీసివేయలేదు. తెలుగువారికి ఇది కొత్తగా తోచనక్కర లేదు. గోలకొండ చెరలో ఉండి రాముణ్ణి నిలదీసిన కంచెర్ల గోపన్న పాటలను మనం భక్తి పాటలుగానే పాడుకుంటున్నాం. నిలదీయడానికి ఎదుట ఒకరున్నారన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకమే స్తుతి.

ఈ విలాపాలలో మరో విశేషం గమనించాలి. శత్రువులున్నారు, వారి పేర్లు ఉండవు. రోగం ఉంది, అది ఏ రోగమో తెలియదు. 73 గీతాల శీర్షికలలో దావీదు పేరు కనిపిస్తుంది. అయినా గీతం లోపలి 'నేను' చాలా చోట్ల ఎవరైనా కావచ్చు. భాషాశాస్త్రంలో 'నేను', 'నీవు' అనే మాటలకు స్థిరమైన వ్యక్తి ఉండడు. ఎవరు పలికితే వారే 'నేను'. ఈ గీతాలు ఆ గుణాన్ని పూర్తిగా వాడుకున్నాయి. పాడేవాడు మారితే పాట అతనిదవుతుంది.

ఇక ఆరాధనలో వీటి వాడుక. యెరూషలేము ఆలయంలో లేవీయులు వాద్యాలతో ఈ గీతాలు పాడేవారు. వారంలో ఏ రోజుకు ఏ గీతమో యూదుల ధర్మవిధుల సంకలనమైన మిష్నా నమోదు చేసింది. విశ్రాంతి దినానికి 92వది. క్రీ.శ. 70లో రోమను సైన్యం ఆలయాన్ని కూల్చింది. బలులు ఆగిపోయాయి, లేవీయుల వాద్యబృందం లేకుండా పోయింది. గీతాలు మాత్రం సమాజ మందిరాలలోకీ ఇళ్లలోకీ చేరాయి. నేటికీ ఉదయ ప్రార్థనలో 145 నుండి 150 వరకు చదువుతారు. పస్కా వంటి పండుగలలో 113 నుండి 118 వరకు గల హల్లెల్ పాడతారు. శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినానికి స్వాగతం పలుకుతూ 95 నుండి 99 వరకు, ఆపైన 29వది పాడే ఆచారం 16వ శతాబ్దిలో గలిలయలోని సఫేద్ పట్టణపు భక్తుల మధ్య రూపు దిద్దుకుంది. తెలుగు మాతృభాషగా గల బెనె ఎఫ్రాయిం అనే చిన్న యూదు సమాజం గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఉన్నదని ఇక్కడ గుర్తు చేయడం సముచితం.

క్రైస్తవులు ఈ గ్రంథాన్ని యూదుల నుండే అందుకున్నారు. 6వ శతాబ్దిలో ఇటలీలో బెనెడిక్టు తన మఠవాసులకు రాసిన నియమావళి ప్రకారం 150 గీతాలూ వారానికి ఒకసారి పూర్తి కావాలి. మఠాలలో వాటిని పాడే పద్ధతి చూస్తే పైన చెప్పిన నిర్మాణం చెవికి వినిపిస్తుంది. చరణంలోని మొదటి భాగాన్ని దాదాపు ఒకే స్వరంపై పలికి, మధ్యలో చిన్న విరుపుతో ఆగుతారు. రెండో భాగాన్ని మళ్లీ ఆ స్వరంపై పలికి, ముగింపు స్వరంపై దించుతారు. అర్థం ఎక్కడ విరుగుతుందో రాగం అక్కడే విరుగుతుంది. అందుకే పొట్టి చరణమైనా పొడుగు చరణమైనా అదే వరుసలో ఇముడుతుంది. మతసంస్కరణ కాలంలో మరో దారి పట్టారు. 1562లో జెనీవాలో 150 గీతాలనూ ఫ్రెంచి ఛందస్సులోకి మార్చి, బాణీలతో సహా పూర్తిగా ప్రచురించారు. సభ అంతా కలిసి పాడటానికి అది వీలు కల్పించింది.

తెలుగులో ఈ రెండు దారులూ కాక మూడోది బలంగా నిలిచింది. బైబిలులోని కీర్తనలను వచనంగా చదువుకుంటూనే, పాడటానికి కొత్త కీర్తనలు రచించుకోవడం ఆ దారి. బెంగాలీ మూలాలు గల కుటుంబంలో పుట్టి తెలుగులో రచించిన పురుషోత్తమ చౌదరి (1803-1890) ఈ దారిలో తొలి పెద్ద పేరు. ఆయన జీవితం గంజాం సీమతో ముడిపడినది కనుక ఒడిశాలోని మన విద్యార్థులకు ఆయన పొరుగువాడే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే సంపుటిలో పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. పల్లవి, చరణాల పద్ధతి మన వాగ్గేయకారులదే. హీబ్రూ గీతాలలోనూ పల్లవి లాంటిది లేకపోలేదు. 136వ కీర్తనలో 26 వచనాలుంటే 26 సార్లూ ఒకే మాట తిరిగి వస్తుంది. ఒకరు కథ చెబుతుంటే సభ బదులు పలకడానికి వీలైన ఏర్పాటు అది. బుర్రకథలో వంత ఎరిగినవారికి వేరే వివరణ అక్కరలేదు.

అనువాదం కాకుండానే అన్ని భాషలలోకీ వచ్చిన మాట ఒకటి ఉంది. అదే హల్లెలూయ. హీబ్రూలో ఇది ఒక పూర్తి వాక్యం. 'హల్లెలూ' అంటే స్తుతించండి, 'యా' అంటే యెహోవా పేరుకు పొట్టి రూపం. క్రియ బహువచనంలో ఉంది, అంటే పలికేవాడు పక్కవారిని పిలుస్తున్నాడు. తెలుగులో 'స్తుతించండి' అంటే అది పలువురికి చెప్పినదో, ఒక్కరికి మర్యాదగా చెప్పినదో రూపాన్ని బట్టి తెలియదు. హీబ్రూలో ఆ సందేహం లేదు. ఇతర భాషలలోకి వచ్చాక ఈ వాక్యం ఆనందాన్ని తెలిపే అవ్యయంగా మారిపోయింది. వ్యాకరణం పోయినా పిలుపు మిగిలింది.

చివరిగా 137వ కీర్తన గురించి. క్రీ.పూ. 6వ శతాబ్దిలో బబులోనుకు చెరపట్టబడిన యూదుల గీతం ఇది. చెరపట్టినవారు వినోదానికి మీ ఊరి పాట ఒకటి పాడమన్నారు. పరాయి నేలపై తమ దేవుని పాట ఎలా పాడగలమని వారు సితారాలను చెట్లకు తగిలించారు. దీని ముగింపు పగతో నిండి చదువరిని కలవరపెడుతుంది. దాన్ని మనం దాచనక్కర లేదు. గమనించవలసిందేమిటంటే, పాడలేమన్న ఆ మాటే పాటయింది, ఆ పాటను పరాయి నేలల మీదే తరతరాలు పాడాయి. తరాల క్రితం ఊరు విడిచి వచ్చిన కుటుంబాల పిల్లలు మీరు. మీది చెర కాదు. అయినా భాష ఊరితో ఉంటుందా నోటితో ఉంటుందా అన్న ప్రశ్న మీకు కొత్త కాదు. నోటితో ఉంటుందనడానికి ఈ గ్రంథం పాత సాక్ష్యం.

విద్యార్థులు ఒక పని చేసి చూడవచ్చు. తెలుగు బైబిలునూ, మీ రాష్ట్ర భాషలోని బైబిలునూ పక్కపక్కన పెట్టి 136వ కీర్తన తెరవండి. 26 సార్లు తిరిగి వచ్చే ఆ మాటలో హెసెద్ అనే హీబ్రూ పదం ఉంది. ఇచ్చిన మాటకు కట్టుబడి చూపే దయ అని దాని భావం. తెలుగు దాన్ని కృప అంది, తమిళంలో కిరుబై అన్నారు. మీ భాష ఏమందో, అందులో కట్టుబాటు ఎక్కువ వినిపిస్తుందో దయ ఎక్కువ వినిపిస్తుందో రాసుకోండి. ఆపైన రెండు భాషలలోనూ పైకి చదవండి. వంత పలకడానికి ఇంట్లో పెద్దవారెవరినైనా కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది.